ఆరు పేపర్లు, ఒక ఖాళీ

నందిపేట స్టాండులో ఆటోలు సీరియల్ ప్రకారమే కదులుతాయి. ముందొచ్చిన బండి ముందు, వెనకొచ్చిన బండి వెనక. ఈ కట్టుబాటును ఏ డ్రైవరూ తప్పడు. తప్పేది ఆరుగురు ఆడపిల్లలే. పొద్దున ఎనిమిదిన్నరకు సంచులు భుజాన వేసుకుని వస్తారు. ముందున్న ఆటోను చూసి మొహం తిప్పుకుంటారు. రెండోదాన్నీ అంతే. టీ కొట్టు పక్కన నిలబడి, భూపతి ఆటో వంతు వచ్చేదాకా కాలు కదపరు.

"గా ఆటోల బంగారం దాచిపెట్టిండా ఏందే?" అని నారాయణ రోజూ అడుగుతాడు. అతని బండి ఎప్పుడూ భూపతి బండికి ముందే ఉంటుంది, పాపం.

"బంగారం కాదు నారాయణ కాకా, ఇంగ్లిష్ ఉన్నది," అంటుంది నందిని.

నారాయణకు అది నవ్వులాట. భూపతికి కాదు. పైకి మాత్రం వినపడనట్టే అద్దం తుడుచుకుంటూ ఉంటాడు. యాభై దాటిన మనిషి, పొగడ్తకు ఎక్కడ చూడాలో ఇంకా నేర్చుకోలేదు.

ఆ సోమవారం పిల్లలు ఎక్కీ ఎక్కగానే కాగితాలు బయటికి తీశారు. ఆర్మూరు స్పోకెన్ ఇంగ్లిష్ సెంటరులో పరీక్ష. మనుషుల మధ్య పొత్తులు, పోట్లాటల గురించి చెప్పే ఇంగ్లిష్ మాటలు ఇరవై. ఒక్కోదానికి ఎదురుగా దేవిదాస్ సార్ అచ్చు వేయించిన తెలుగు అర్థం, ఒక వాక్యం; పరీక్షలో ఆ మాటను వాడి వాక్యం రాయాలి. ఎదురు పలక మీద కూర్చున్న దీప కళ్లు మూసుకుని వల్లించింది.

"ఫాల్ అవుట్. కలహించి సంభాషణ మానుట."

"మానుటా గీనుటా కాదు బిడ్డా," అన్నాడు భూపతి, ముందు పోతున్న పసుపు ట్రాక్టరును దాటడానికి హారన్ కొడుతూ. "ఇను. మస్కట్‌ల నేను కారు నడిపిన ఇంటి మేడమ్ పర్దాలు మార్చింది. నీలం రంగువి. సార్‌కు నచ్చలె. ఇద్దరు కార్ల ఎక్కిన్రు. ఈ కిటికీ దిక్కు ఒకరు, ఆ కిటికీ దిక్కు ఒకరు. ఎయిర్‌పోర్ట్ తొవ్వంత ఒక్క మాట లేదు. మేడమ్ ఫోన్ల వాళ్ల అక్కకు చెప్పింది, 'వుయ్ ఫెల్ అవుట్ ఓవర్ ఎ కర్టెన్' అని. పర్దా కోసం. గంతే ముచ్చట."

"మరి ప్యాచ్ అప్?"

"ఎయిర్‌పోర్ట్ అచ్చింది. సార్ దిగి, మళ్ల తలుపు తీసి, 'బ్లూ ఈజ్ ఓకే' అన్నడు. మేడమ్ నవ్వింది. గది ప్యాచ్ అప్."

పిల్లలు నవ్వుతూనే రాసుకున్నారు. ట్రాక్టరు మీది బస్తాల నుంచి పసుపు దుమ్ము లేచి ఆటోలోకి వచ్చింది. ఎవరూ ముక్కు మూసుకోలేదు. పసుపు సీజన్‌లో ఆ తోవన పోయేవాళ్ల బట్టలకు ఆ వాసన ఎటూ తప్పదు.

"లెట్ డౌన్ కాకా?" సంధ్య అడిగింది.

"వాళ్ల బిడ్డకు స్కూల్ల డాన్స్ ఉండె. సార్ వస్తనన్నడు, మీటింగ్‌ల కూసున్నడు. కార్ల నేను, మేడమ్, పిల్ల, ఒక ఖాళీ సీటు. పిల్ల గా సీటు దిక్కే చూసుకుంట, 'డాడ్ లెట్ మీ డౌన్' అన్నది. ఏడ్వలె. ఏడిస్తె మంచిగుండు."

దీప కాగితం మీద తరవాతి మాట వెతికింది.

"స్టాండ్ బై?"

భూపతి గేరు మార్చాడు. "సార్ నౌకరి పోతదన్నరు ఒకసారి. గా దినం మేడమ్ ఒక్కటే మాట అన్నది, 'ఐ విల్ స్టాండ్ బై యూ' అని. నేను అద్దంల చూసిన. చెయ్యి చెయ్యి పట్టుకొని కూసున్నరు. అద్దం జర పైకి తిప్పిన."

"ఎందుకు కాకా?"

"మంది కండ్లు పడొద్దు బిడ్డా గసొంటి వాటి మీద. నా కండ్లయినా సరే."

ఆర్మూరు దగ్గర పడుతుండగా నందిని చివరి మాట చదివింది. "డ్రిఫ్ట్ అపార్ట్. క్రమేణ విముఖులగుట. సార్ రాసింది ఒక్క ముక్క సమజ్ కాలె కాకా."

భూపతి పెదవులతో ఒకసారి అనుకుని చూశాడు. "గది నాకు తెల్వది బిడ్డా. పదకొండేండ్లల నా సీటు ఎనుక ఎవ్వరు అనలె. తెల్వంది నేను చెప్ప. మీ సార్‌ను అడుగున్రి."

"సార్‌నా!" అంది దీప. "మొన్న నేనొకటి అడిగితె క్లాసంత నవ్విపిచ్చిండు. ఇడిసిపెడ్తం తియ్."

సెంటరు ముందు దిగి ఆరుగురూ మెట్లెక్కుతుంటే భూపతి చూస్తూ నిలబడ్డాడు. శుక్రవారం నిజామాబాదు నుంచి ఒక కంపెనీవాళ్లు వస్తున్నారట. ఫోనులో జనంతో మాట్లాడే ఉద్యోగం. పరీక్ష బాగా రాసినవాళ్ల పేర్లే సార్ పంపిస్తాడు. ఆ పేర్లలో తన ఆటో పిల్లలవి ఆరూ ఉంటాయని భూపతికి అనుమానమే లేదు.

ఆ సాయంత్రం పిల్లలు అతని ఆటో ఎక్కలేదు. మర్నాడు పొద్దున ఎక్కారు గాని, కాగితాలు తీయలేదు. రోజూ కలకలలాడే బండి. ఇవాళ ఇంజను చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. సగం దారి దాకా భూపతి ఓపిక పట్టాడు. ఆ తరవాత మొక్కజొన్న చేను పక్కన బండి ఆపి వెనక్కి తిరిగాడు.

"ఏమైంది బిడ్డా? పరీక్ష మంచిగ రాయలేదా?"

"మంచిగనే రాసినం కాకా," అంది నందిని. "గదే తప్పయింది."

చున్నీ అంచును వేళ్ల మధ్య మడుస్తూ చెప్పింది. ఆరుగురి పేపర్లలోనూ ఒకటే పర్దా. ఒకటే డాన్సు. ఒకటే ఎయిర్‌పోర్టు. సార్ ఆరు పేపర్లనూ పక్కపక్కన పరిచి, ఎర్ర పెన్నుతో ఈ చివర నుంచి ఆ చివరకు గీత కొట్టేశాడు.

"కాపీ అన్నడు. మేం ఆటోల నేర్చుకున్నం సార్ అన్న. క్లాసంత నవ్వింది. 'గట్లనా, రేపటి సంది ఆటోలనే కూసోన్రి, గీడికి ఎందుకు' అన్నడు. శుక్రారం లిస్టుల మా పేర్లు కొట్టేసిండు."

"ఆరుగురియా?"

"ఆరుగురియి." నందిని చేను వైపు మొహం తిప్పుకుంది. "అవ్వకు చెప్పలె కాకా. గీ నౌకరి రాకపోతె వచ్చే నెల సంది బీడీల చాట ఒళ్లె పెట్టుకోవాలె. అవ్వ ముందే అన్నది."

నందిని తల్లి నీలవ్వ బీడీలు చుడుతుంది. చుట్టీ చుట్టీ ఆమె బొటనవేళ్లు నిటారుగా చాపినా సాగవు. ఆ వేళ్లను భూపతి రోజూ చూస్తాడు. ఆమె తన భార్య గంగవ్వ పక్కనే కూర్చుని పని చేస్తుంది.

అతను మళ్లీ ముందుకు తిరిగి బండి స్టార్ట్ చేశాడు. కోపం రావాలి, రాలేదు. ఊరికి తిరిగి వచ్చిన ఈ ఆరేళ్లలో తన ఇంగ్లిష్ కావాలని అడిగినవాళ్లు ఈ పిల్లలొక్కరే. అడిగి, నేర్చుకుని, ఉన్నదున్నట్టు రాసి, ఆ రాసినందుకే దొంగలయ్యారు.

మధ్యాహ్నం ఇంటికి పోయేసరికి గంగవ్వ వాకిట్లో చాట ముందు పెట్టుకుని కూర్చుంది. తడిపిన తునికాకును కత్తెరతో కోసి, చిటికెడు తంబాకు పోసి, చుట్టి, దారం బిగించి, పక్కన పడేస్తుంది. చూపు మొగుడి మీద, వేళ్లు పని మీద. నీలవ్వ అన్నానికి లేచి వెళ్లిన సమయం చూసుకుని భూపతి జరిగింది చెప్పాడు.

"మరి పోయి చెప్పరాదు, నేనే నేర్పిన్నని?" అంది గంగవ్వ.

"ఏమని చెప్పుదు? ఆయన టై కట్టుకున్న సార్. నాకు ఒక్క అక్షరం రాయరాదు."

"రాయరాకుంటె మాట్లాడ వస్తది గద. పదకొండేండ్లు గా ఎడారిల ఏం జేసినవ్ మరి? అందరితోని మాట్లాడ్తవ్, నాతోని తప్ప." ఇంకో బీడీ చాటలో పడింది. "రేపు పొద్దుగాలనే పో."

"పోత. గా తెల్లంగి ఇస్త్రీ చేసి పెట్టు."

గంగవ్వ వేళ్లు మొదటిసారి ఆగాయి. "తెల్లంగి ఎందుకు? ఖాకీ అంగి మీదనే గద నేర్చుకున్నవ్. గదే ఏసుకొని పో."

బుధవారం పది గంటలకు భూపతి ఆర్మూరు స్టాండులో బండి పెట్టాడు. సెంటరుకు పోతున్నానని అక్కడే ఉన్న నారాయణకు చెప్పాడు. నారాయణ ఈసారి నవ్వలేదు. "పో అన్నా. నీ సీరియల్ నేను జూస్త," అన్నాడు.

సెంటరు ఎరువుల దుకాణం పైన ఉంది. ఎదురుగా మార్కెట్ యార్డు. మెట్లన్నీ పచ్చగా దుమ్ము పట్టి ఉన్నాయి. భూపతి గుమ్మం దగ్గర చెప్పులు విడిచాడు. లోపల ముప్పై మంది. అతని పిల్లలు ఆరుగురూ చివరి బెంచీల్లో ఉన్నారు, రోజూ కూర్చునే ముందు వరసలో కాదు. దేవిదాస్ సార్ బోర్డు మీద రాస్తున్నవాడు తల తిప్పాడు.

"ఏం గావాలె? కింద ఆటో అడ్డం పెట్టింది నువ్వేనా?"

"అడ్డం పెట్టలె సార్, స్టాండుల పెట్టిన. నా పేరు భూపతి. గీ ఆరుగురు పిల్లలు నా ఆటోల వస్తరు. గా పరీక్షల రాసిన మాటలు నావి సార్. వాళ్లు కాపీ కొట్టలె. నేను చెప్పిన ముచ్చట్లే ఆరుగురు రాసిన్రు."

దేవిదాస్ చెడ్డవాడు కాదు. పొద్దున్నించి సాయంత్రం దాకా గొంతు పోయేట్టు చెప్పే మనిషి. తాను చెప్పింది తప్ప పిల్లలకు ఇంకో దారిలో ఏదైనా వస్తుందంటే నమ్మలేడు, అంతే. బల్ల మీద నుంచి ఒక తెల్లకాగితం, పెన్ను తీసి ముందుకు జరిపాడు.

"మంచిది. గీ ఆరుగురికి నేనే నేర్పిన అని ఇంగ్లిష్‌ల రాసి సంతకం పెట్టు."

భూపతి పెన్ను వైపు చూశాడు. పట్టుకోలేదు.

"రాయరాదు సార్. మాట్లాడొస్తది. సంతకమంటె తెలుగుల చేస్త."

ముందు బెంచీల్లో కిసుక్కుమన్నారు. చివరి బెంచీలో నందిని రెండు చేతులూ బల్ల అంచును పట్టుకున్నాయి.

"సరే, మాట్లాడు." దేవిదాస్ సొరుగులో నుంచి ఎర్ర గీతల పేపర్లు తీశాడు. "పుట్ అప్ విత్?"

భూపతి చేతులు వెనక్కి కట్టుకున్నాడు, మస్కట్‌లో కారు పక్కన నిలబడ్డట్టే. గొంతు సవరించుకున్నాడు. "మేడమ్స్ మదర్-ఇన్-లా కమ్ సార్. టూ మంత్స్ స్టే. ఎవ్రీ డే సేయింగ్, టూ మచ్ సాల్ట్, టూ మచ్ సాల్ట్. మేడమ్ పుట్ అప్ విత్ హర్. టూ మంత్స్!"

ఈసారి క్లాసు నవ్విన నవ్వు వేరు. దేవిదాస్ పేపరు చూశాడు. ఉప్పు అక్కడ ఉంది. రెండు నెలలూ ఉన్నాయి.

"లెట్ డౌన్?"

భూపతి డాన్సు సంగతి చెప్పాడు. ఖాళీ సీటు దగ్గరికి వచ్చేసరికి క్లాసులో ఎవరి పుస్తకమూ కదల్లేదు. స్టాండ్ బై చెప్పాడు. గెట్ అలాంగ్ చెప్పాడు, వరసగా పందొమ్మిదీ చెప్పాడు. ఒక్కో జవాబుకూ దేవిదాస్ వేలు పేపరు మీద కిందికి జరుగుతూ వచ్చింది. అయినా తల అడ్డంగా ఊపాడు.

"పిల్లలే నీకు చెప్పి పంపిన్రేమో, నాకెట్ల తెలుస్తది?" జాబితాలో చివరికి పోయాడు. "డ్రిఫ్ట్ అపార్ట్?"

ఏదో ఒకటి అల్లి చెప్పవచ్చు. మస్కట్ సారూ మేడమూ ఇంకోసారి కొట్లాడుకున్నారని చెప్పవచ్చు. తప్పయినా నోరు తెరిచినట్టుంటుంది. తెలియదంటే ఇంతవరకూ చెప్పిందంతా బూడిదలో పోసిన పన్నీరే. ఆరుగురి బతుకులు ఆ ఒక్క మాట మీద నిలబడి ఉన్నాయి. నందిని వైపు చూశాడు. ఆమె సైగ చేయలేదు, చేయడానికి ఆమెకూ తెలియదు.

"తెల్వది సార్," అన్నాడు. "గది నేను ఎప్పుడు ఇనలె. పిల్లలకు గూడ చెప్పలె."

"చూసినవా మరి!" దేవిదాస్ నవ్వి, చేతిలోని పేపరు అడుగున వేలు పెట్టాడు. నవ్వు మొహం మీద ఉండగానే వేలు ఆగింది. ఆ పేపరు పక్కన పెట్టి రెండోది తీశాడు. మూడోది. నాలుగోది. ఆరో పేపరు చూశాక వెనక్కి పోయి, మిగతా క్లాసు పేపర్ల కట్ట విప్పి అవీ తిరగేశాడు. ఆ ఇరవై నాలుగింటిలోనూ చివరి ప్రశ్నకు జవాబు ఉంది, అచ్చులో తాను ఇచ్చిందే. ఈ ఆరింటిలో ఆ చోటు ఖాళీ. ఒక్క అక్షరం లేదు.

కాపీ కొట్టేవాళ్లకు అన్నిటికంటే తేలికగా దొరికే జవాబు అది. పక్కవాళ్ల పేపరులోకి ఒకసారి చూస్తే చాలు.

"నందిని," అన్నాడు. "గిదెందుకు రాయలె?"

నందిని లేచి నిలబడింది. "భూపతి కాక తెల్వదన్నడు సార్."

"నన్ను అడగొచ్చు గద."

నందిని దీప వైపు చూసింది. దీప తల దించుకుంది. తలలు దించుకున్న పిల్లలు ముందు బెంచీల్లోనూ ఇద్దరు ముగ్గురున్నారు. దేవిదాస్ ఆ తలలన్నీ చూశాడు. కాసేపు పెన్ను మూత తీస్తూ పెడుతూ నిలబడ్డాడు.

ఆ తరవాత తన కుర్చీని బల్ల వెనక నుంచి లాగి భూపతి పక్కన వేశాడు. "కూసోండి," అన్నాడు.

భూపతి కూర్చోలేదు గాని, కుర్చీ వీపు మీద చెయ్యి వేశాడు. ఖాకీ అంగి లోపల అతని ఛాతీ కొంచెం ముందుకు వచ్చింది. వస్తే తప్పేముంది? ఇరవై ప్రశ్నల్లో పందొమ్మిది చెప్పినందుకు కాదు ఆ గర్వం. తెలియదన్న మాట తన నోట ఎంత ఖాళీగా పలికిందో, పిల్లల కాగితం మీద అంత ఖాళీగానే ఉంది. తనకు లేనిది తన పిల్లలు ఎక్కడినుంచీ ఎత్తుకురాలేదు.

దేవిదాస్ శుక్రవారం లిస్టు తీసి, కొట్టేసిన ఆరు పేర్లనూ కింద మళ్లీ రాశాడు. చక్కటి అక్షరాలు. క్లాసు ముందే రాశాడు, అది ఒప్పుకోవాలి. నందినికి పేపర్లు ఇస్తూ, "ఖాళీ ఉంచింది రేపు నింపి తెండి. అర్థం నేను చెప్త. వాక్యం మాత్రం మీ సొంతది గావాలె," అన్నాడు.

భూపతి చెప్పులు వేసుకుంటుంటే దేవిదాస్ మెట్ల దాకా వచ్చాడు. ఏదో అడగాలని ఉంది, ఎలా అడగాలో తెలియడం లేదు. చివరికి అడిగేశాడు. "గా పిల్ల… డాన్స్ పిల్ల. మళ్ల తండ్రితోని మాట్లాడిందా?"

"మాట్లాడింది సార్. మూడు దినాలకు. ఇద్దర్ని ఐస్‌క్రీమ్ దుకాణానికి నేనే తోల్కపోయిన."

"మంచిది," అన్నాడు దేవిదాస్. నిజంగానే ఊపిరి పీల్చుకున్నాడు.

శుక్రవారం సాయంత్రం నందిని పరుగెత్తుకుంటూ స్టాండుకు వచ్చింది. కంపెనీ మేడమ్ ఆమెను తీసుకుంది. సంధ్యను ఇంకోసారి పిలుస్తామన్నారు. మిగతా నలుగురికి రాలేదు గాని, అడిగిన ప్రతిదానికీ నోరు విప్పి జవాబు చెప్పి వచ్చారు. నీలవ్వకు చెప్పినప్పుడు ఆమె చాట ఎత్తి గోడకు ఆనించి, సాగని వేళ్లతోనే కూతురి చెంపలు నిమిరింది.

శనివారం గంగవ్వ బీడీల గంప ఎత్తుకుని ఆర్మూరులోని బీడీల కంపెనీకి బయలుదేరింది. వెనక ఆరుగురూ నిండిపోవడంతో ముందు భూపతి పక్కన ఇరుక్కుని, గంప ఒళ్లో పెట్టుకుంది. ఊరు దాటగానే నందిని పేపర్లు తీసింది.

"కాకా, ఖాళీ నింపినం. సార్ దిద్ది ఇచ్చిండు."

"ఏమన్నడు?"

"ఏమనలె. ఆరుగురం మళ్ల ఒక్కటే రాసినం."

భూపతి అద్దంలో నందిని మొహం వెతికాడు. "మళ్లనా! మళ్ల గీత కొట్టిండా?"

"లేదు. ఆరుగురికి రైటే పెట్టిండు. ఇను కాకా." నందిని పేపరు పైకెత్తి, కొత్త ఉద్యోగం గొంతుతో చదివింది. "భూపతి కాకా లివ్డ్ ఇన్ మస్కట్ ఫర్ ఎలెవెన్ ఇయర్స్, బట్ హీ అండ్ గంగవ్వ డిడ్ నాట్ డ్రిఫ్ట్ అపార్ట్."

చదవలేని మనిషి అయినా వినగలడు. తెలియని మాట ఒక్కటే ఉంది అందులో. చుట్టూ ఉన్న మాటలు ఆ ఒక్కదాని అర్థం చెప్పేశాయి. ఆటో దానంతటది నెమ్మదించింది.

"ఏం రాసిన్రు?" అంది గంగవ్వ. "నా పేరు ఇనవడ్డది."

భూపతి రోడ్డు మీద నుంచి చూపు తిప్పలేదు. ఎంతమంది మాటలో ఇంగ్లిష్ నుంచి తెలుగులోకి ఎత్తి పోసిన నోరు, ఇప్పుడు పెగలడానికి ఒక మైలురాయి దాటాల్సి వచ్చింది.

"పదకొండేండ్లు నేను గాడ, నువ్వు గీడ ఉంటిమి గద. గయినా… మనం ఒకర్ని ఒకరం ఇడిసిపెట్టలె, దూరం కాలె, అని రాసిన్రు."

గంగవ్వ గంప మీది గుడ్డ సర్దింది. సర్దిందే మళ్లీ సర్దింది.

"శుక్రారం శుక్రారం ఫోన్ జేస్తుంటివి," అంది చాలాసేపటికి. "గా ఫోన్ కోసం నేను గురువారం నుంచే కూసుంటుంటి. ఎట్ల దూరమైతం?" ఆ మీద కొంచెం గొంతు పెంచింది. "మరి సార్ అడిగితె గా మాట తెల్వదంటివట?"

"తెల్వది," అన్నాడు భూపతి. "నాకు దాంతోని పని వడలె."

గంగవ్వ గంపను ఎడమ మోకాలి మీదికి జరిపి, భుజం అతని ఖాకీ భుజానికి ఆనించి కూర్చుంది. వెనక ఆరుగురూ ఊపిరి బిగబట్టి అద్దంలోకే చూస్తున్నారు.

భూపతి చెయ్యి చాచి అద్దం జర పైకి తిప్పాడు.